రొయ్యల చెరువు ఏరేటర్ షాఫ్ట్‌కి ఏ స్టెయిన్‌లెస్ కొనాలి? 304, 316ఎల్, 2205 లెక్క

నమస్కారం అండి. ఈ వీడియోలో ఒకే ఒక్క పార్ట్ తీసుకుందాం. ఇదిగో, ఇది. రొయ్యల చెరువు నీళ్ళకి గాలి కలిపే ప్యాడిల్ ఏరేటర్‌లో తిరిగే షాఫ్ట్. 25 ఎంఎం రౌండ్ బార్, చివర కీవే అంటే కీ కూర్చునే గాడి, మీద ప్లాస్టిక్ ప్యాడిల్ చక్రాలు, 2 హెచ్‌పీ మోటార్. షాపుకెళ్ళి ఊరికే "ఎస్ఎస్ రాడ్ ఇవ్వండి" అంటే చేతికి ఏది దొరికితే అది కోసిచ్చేస్తారు. అందుకని గ్రేడ్, అంటే 304, 316 లాంటి స్టెయిన్‌లెస్ రకం, మనమే తేల్చుకుని వెళ్దాం.

ముందు బలం. ఇది చకచకా చూసేద్దాం. 2 హెచ్‌పీ అంటే 1.5 కిలోవాట్. షాఫ్ట్ నిమిషానికి 100 తిరుగుళ్ళు అనుకోండి. 9550 ఇంటూ 1.5 బై 100... 143 న్యూటన్ మీటర్, ఇది మెలితిప్పే బలం. లెక్కల షీట్‌లో ఈ గడి. 25 ఎంఎం మీద షియర్ స్ట్రెస్, అంటే మెలితిప్పుడుకి లోహం మీద పడే ఒత్తిడి, 47 ఎంపీఏ వస్తోంది, కీవే ఉంది కాబట్టి రెట్టింపు వేసుకుందాం, 94. 304 యీల్డ్, అంటే లోహం శాశ్వతంగా వంగిపోవడం మొదలయ్యే ఒత్తిడి, 205, షియర్‌లో అందులో 58 శాతం, 119. సరిపోయింది. 316కి కూడా యీల్డ్ అదే 205. అంటే 304ఆ, 316ఆ అన్నది బలం తేల్చదు. అయిపోయింది, పదండి.

ఇప్పుడు నీళ్ళు. రైతు దగ్గర సెలైనిటీ, అంటే నీళ్ళలో ఉప్పు, పీపీటీలో (వెయ్యికి ఎన్ని వంతులో) ఉంటుంది, మనకేమో తుప్పు లెక్కకి క్లోరైడ్ కావాలి, లీటరుకి మిల్లీగ్రాముల్లో. సముద్రపు నీళ్ళు 35 పీపీటీ, అందులో క్లోరైడ్ 19,000 పైన. కాబట్టి పీపీటీని 550తో గుణిస్తే చాలు. బోరు నీళ్ళకి ఈ నిష్పత్తి అటూ ఇటూ అవుతుంది, అక్కడ క్లోరైడ్ విడిగా టెస్ట్ చేయించండి. ఇక్కడ పెట్టాను: 0.3కి 165, 2కి 1,100, 10కి 5,500. ఫార్ములాని మౌస్‌తో కిందికి లాగక్కర్లేదు, పై గడితో కలిపి సెలెక్ట్ చేసి కంట్రోల్ డి కొట్టండి. నాకు ఇదే ఇష్టం, వంద వరసలున్నా ఒక్క దెబ్బ.

ఒక్క మాట, సెలైనిటీ ఏ నెలలో తీసిందో అడగండి. వానలు పడ్డాక తీసిన నంబరుతో గ్రేడ్ తేల్చకూడదు. ఎండాకాలంలో నీళ్ళు ఆవిరై ఉప్పు పెరుగుతుంది, ఆ పెద్ద నంబరే మనకి కావాలి.

క్లోరైడ్‌కి మామూలుగా వాడే హద్దులు 304కి 200, 316కి 1,000. కాబట్టి మంచినీళ్ళ చేపల చెరువుకి 304 చాలు. దాదాపు 1.8 పీపీటీ లోపు 316. ఇక్కడితో ఆపేసేవాళ్ళు చాలామంది. ఆగకండి, అసలు సంగతి ఇప్పుడు వస్తుంది.

షాఫ్ట్‌ని దగ్గరగా చూపిస్తాను. ఈ బయటికి కనిపించే మెరుపు భాగం ఉంది చూశారా, దీనికి ఏమీ కాదు. గాలి తగులుతుంది, నీళ్ళు కదులుతాయి, తుప్పు పట్టకుండా కాపాడే క్రోమియం ఆక్సైడ్ పొర గీసుకుపోయినా మళ్ళీ కట్టుకుంటుంది. ఇప్పుడు చక్రం బుష్, అంటే షాఫ్ట్ మీద తొడిగిన గొట్టం, జరుపుతాను. ఇదిగో, ఈ కింద. బుష్‌కీ షాఫ్ట్‌కీ మధ్య వెంట్రుక వాసి సందు. ఉప్పు నీళ్ళు లోపలికి వెళ్తాయి, బయటికి రావు. ఆ కొంచెం నీళ్ళలో ఆక్సిజన్ అయిపోతుంది. ఆక్సిజన్ లేకపోతే పొర మళ్ళీ కట్టుకోదు. లోహం కరుగుతూ ఉంటే బయటున్న క్లోరైడ్ లోపలికి చేరుతుంది, సందులో నీళ్ళు ఆమ్లంగా మారతాయి. ఇంక అక్కడ నంబరు మీరు పీపీటీతో లెక్క కట్టింది కాదు, దానికంటే చాలా ఎక్కువ. పైన అద్దంలా ఉంటుంది, బుష్ తీస్తే కింద గుంటలు. గ్రబ్ స్క్రూ కింద, కీవే మూలలో, కప్లింగ్ లోపల, నాచు అంటుకున్న చోట కూడా అంతే. షాఫ్ట్ విరిగితే ముందు ఆ చోట్లే చూడండి.

ఇంకోటి, షాఫ్ట్ నీళ్ళ పైన ఉంటుంది కదా, మునగదు కదా అంటారు. తిప్పలు అక్కడే. చిమ్మిన నీళ్ళు ఎండకి ఆరి, ఉప్పు మిగిలి, మళ్ళీ తడిసి... చెరువులో కంటే షాఫ్ట్ మీద ఉప్పు చిక్కగా ఉంటుంది.

అందుకే 10 పీపీటీ చెరువుకి నా లెక్క ఇది. 316ఎల్, అంటే కార్బన్ తక్కువున్న 316, వాడితే సందులు మూసి వాడాలి. బుష్ కింద నీళ్ళకి కరగని గ్రీజు నింపండి, షాఫ్ట్ ఫినిష్ ఆర్ఏ (పైభాగం గరుకుదనం కొలత) 0.5 మైక్రాన్ల దగ్గరికి తీసుకురండి, పంట తీసినప్పుడల్లా మంచినీళ్ళతో కడగండి. అయినా దాన్ని కొన్నాళ్ళకి మార్చే పార్ట్ కిందే లెక్కపెట్టుకోండి. మార్చే గొడవ తగ్గాలంటే 2205 డ్యూప్లెక్స్, అంటే రెండు రకాల లోహ నిర్మాణం కలిసిన స్టెయిన్‌లెస్. ధర ఎక్కువ, కానీ యీల్డ్ 450 కాబట్టి షాఫ్ట్ సన్నం చేసుకునే వీలుంది. బోల్టులు ఏ4 రకం (316 లాంటి స్టెయిన్‌లెస్), నట్టు బిగించే ముందు అది పట్టేయకుండా యాంటీ సీజ్ పేస్ట్. ఎంఎస్ (మామూలు ఇనుము) బోల్టు మాత్రం పెట్టొద్దు, ఇంత పెద్ద ఎస్ఎస్ పక్కన అది ముందు పోతుంది.

టర్నర్ 303 అడుగుతాడు. అడగడం సహజమే, చిప్ చక్కగా తెగుతుంది. తెగేది అందులో ఉన్న గంధకం వల్ల, కనీసం 0.15 శాతం. ఆ సల్ఫైడ్ చుక్కల దగ్గరే గుంట మొదలవుతుంది. ఉప్పు నీళ్ళకి వద్దు, వెల్డింగ్‌కీ వద్దు, పగులుతుంది. 410 గట్టిది, కానీ క్రోమియం 12 శాతం, చెరువులో తుప్పే. 202 రెయిలింగులకి బాగుంటుంది, రెయిలింగులకే ఉంచండి.

ఇప్పుడు టెస్ట్ సర్టిఫికెట్ తెరుద్దాం. క్రోమియం, ప్లస్ 3.3 ఇంటూ మాలిబ్డినం, ప్లస్ 16 ఇంటూ నైట్రోజన్. ఇది పీఆర్ఈఎన్, గుంటలు పడకుండా తట్టుకునే శక్తికి నంబరు, ఎంత ఎక్కువైతే అంత మంచిది. ఈ 316ఎల్‌లో 16.2, 2.02, 0.03. మొత్తం 23.3. అదే మాలీ (మాలిబ్డినం) 2.5 ఉంటే 24.9. రెండూ 316ఎల్ అనే అమ్ముతారు! 304 అయితే 19 దగ్గర, 2205 దాదాపు 35. పేరు చూసి కాదు, ఈ మాలీ గడి చూసి కొనండి. ఫ్లాంజ్ వెల్డ్ చేసేది ఉంటే కార్బన్ కూడా చూడండి, 0.03 దాటకూడదు.

సరుకు వచ్చాక అందరూ అయస్కాంతం తీస్తారు. పక్కన పెట్టేయండి. 202కీ అంటదు, 304కీ అంటదు, 316కీ అంటదు. కోల్డ్ డ్రా చేసిన మంచి 304కి కాస్త అంటుకుంటుంది. 2205కి గట్టిగా అంటుకుంటుంది, దాని సగం ఫెర్రైటే, అంటే అయస్కాంతానికి అంటుకునే నిర్మాణమే మరి. అయస్కాంతం అంటిందని అసలైన 2205ని వెనక్కి పంపితే ఏం చెప్పను! మాలీ చుక్కల కిట్ కొనుక్కోండి, బ్యాటరీ ఆనిస్తే 316కి రంగు వస్తుంది. పెద్ద ఆర్డర్‌కి పీఎంఐ గన్ (లోహంలో ఏముందో చూపే ఎక్స్‌రే గన్) అద్దెకి తెచ్చుకోండి. చేత్తో పట్టుకునే ఎక్స్‌రే గన్ కార్బన్ చూడలేదు, 316ఆ, 316ఎల్‌ఆ అన్నది అది చెప్పదు. దానికి సర్టిఫికెటే, బార్ మీద హీట్ నంబరు (కరిగించిన బ్యాచ్ నంబరు) దాంతో కలవాలి.

ఆర్డర్‌లో ఇలా రాయండి, స్క్రీన్ ఆపి రాసుకోండి: 316ఎల్ బ్రైట్ బార్, ఏఎస్‌టీఎం ఏ276, 25 ఎంఎం హెచ్9, మాలీ కనీసం 2.2, ఈఎన్ 10204 3.1 సర్టిఫికెట్. హెచ్9 అంటే సైజులో ఎంత తేడా ఉండొచ్చో ఆ హద్దు, 3.1 అంటే టెస్ట్ ఫలితాలతో ఇచ్చే సర్టిఫికెట్. బరువు కూడా చూసుకోండి: 25 ఇంటూ 25 బై 160, మీటరుకి 3.9 కేజీలు.

లేత్ మీద ఫీడ్ తిరుగుడుకి 0.1 ఎంఎంకి తగ్గించొద్దు, టూల్ రుద్దితే పైపొర గట్టిపడి తర్వాతి కట్‌లో టిప్ పోతుంది. ఎంఎస్‌కి వాడిన వైర్ బ్రష్, గ్రైండింగ్ వీల్ దీనికి తగలనీయొద్దు, ఇనుప పొడి అంటుకుని అక్కడి నుంచే తుప్పు మరక లేస్తుంది. చివర్లో, ఆ క్రోమియం పొర బాగా కట్టుకోవడానికి, గ్రీజు తుడిచి, 4 నుంచి 10 శాతం సిట్రిక్ యాసిడ్‌లో, 50 నుంచి 60 డిగ్రీల్లో కనీసం 10 నిమిషాలు ఉంచి, మంచినీళ్ళతో బాగా కడిగి ఆరనివ్వండి. షీట్ లింకు కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను, పసుపు గడుల్లో మీ నంబర్లు వేసుకోండి.