రెండుసార్లు వచ్చిన ఒంటిగంట

అందరికీ నమస్కారం. నాకిచ్చింది పది నిమిషాలు. పేరుపేరునా పలకరించడం లేదు, ఏమనుకోకండి.

నిద్ర గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్క గంట గురించే చెబుతాను. ఇక్కడ అమెరికాలో ఇరవై రెండేళ్లు నైట్ డ్యూటీ నర్సుగా చేశాను. ఇక్కడ సాయంత్రం వెలుతురు ఎక్కువసేపు ఉండాలని మార్చిలో ఒక ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరిపి, నవంబరులో మళ్లీ వెనక్కి తిప్పుతారు. నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున రెండు కాగానే గడియారం మళ్లీ ఒంటిగంటకు వెళ్తుంది కదా, మీరంతా హాయిగా నిద్రపోయే ఆ గంట మాకు రెండుసార్లు వచ్చేది.

ఒకసారి ఒక పెద్దాయనకి ఒంటిగంటా నలభైకి నొప్పి మందు ఇచ్చాను. అరగంటకి వెళ్లి చూస్తే గోడ మీద ఒంటిగంటా పది. నొప్పి తగ్గిందని అదే టైము వేసి రాశాను. రికార్డు చూసినవాళ్లకి ఏమనిపిస్తుంది? మందు ఇవ్వకముందే ఆయనకి నొప్పి తగ్గిపోయింది! నవ్వుతున్నారుగాని, పొద్దున డ్యూటీకొచ్చిన పిల్ల ఆ కాగితం పట్టుకుని బిత్తరపోయింది. తర్వాతి డోసు ఎప్పుడివ్వాలో దానికెలా తెలుస్తుంది?

ఇంకా ఉంది. ఆ రాత్రి డ్యూటీ పన్నెండు గంటలు కాదు, పదమూడు. ఆ పదమూడో గంట జీతం కోసం మూడు వారాలు తిప్పించారు. "ఏడు నుంచి ఏడు, పన్నెండే కదా" అంటారు. నా కాళ్లనడగండి అన్నాను. సరే, నా గోడు ఆపుతాను.

అసలు బాధ మార్చిలో. మెదడులో చిన్న నరాల ముద్ద ఒకటి కంటిలో పడే వెలుతురును బట్టి ఒంటికి పగలూ రాత్రీ చెబుతుంది. చాలామందిలో దాని రోజు 24 గంటలకన్నా కాస్త ఎక్కువ. అందుకే ఆలస్యంగా పడుకోవడం తేలిక, ముందుగా లేవడం కష్టం. గడియారం ముందుకు జరిపిన వారంలో గుండెపోట్లు సుమారు 5 శాతం పెరిగాయని స్వీడన్ వైద్యులు 2008లో రాశారు. "ఒక గంటేగా" అనకండి దయచేసి.

సాయంత్రం వెలుతురు ఇష్టమున్నవాళ్లు చేతులెత్తండి. చాలామందే! పగటి డ్యూటీ అయితే నేనూ ఎత్తేదాన్ని. కానీ 1974 జనవరిలో ఈ దేశం ఏడాదంతా వేసవి టైమే, అంటే గంట ముందుకు జరిపిన టైమే, ఉంచి చూసింది. పిల్లలు చీకట్లో బడికెళ్లాల్సి వచ్చింది, జనం గగ్గోలు పెట్టారు. ఏడాది తిరక్కుండానే వెనక్కి తీసుకున్నారు. అందుకే నిద్ర వైద్యులు ఏడాది పొడుగునా చలికాలపు టైమే, అంటే ముందుకు జరపని టైమే, ఉంచమంటున్నారు. నేనూ అటే.

అంతదాకా, మార్చిలో ఆ ఆదివారానికి నాలుగు రోజుల ముందు నుంచీ రోజుకో పావుగంట చొప్పున ముందుకు జరుపుకుంటూ పడుకోండి. లేవగానే కర్టెన్లు తీయండి. నవంబరు ఆదివారం పొద్దున మాత్రం, మీ ఇంట్లో నైట్ డ్యూటీ చేసొచ్చినవాళ్లుంటే కాసిని కాఫీ పెట్టివ్వకండి, పడుకోనివ్వండి.