నవ్వుకు మన అక్షరాలు

అందరికీ నమస్కారం.

పోయిన ఎండాకాలం కావలిలో మా అత్త మామిడికాయ వేసి చేపల పులుసు పెట్టింది. నెల్లూరు తిరిగొచ్చాక, ‘అత్తా, నీ పులుసు దెబ్బకు రెండు రోజులు లేవలేకపోయా’ అని వాట్సాప్‌లో రాశాను. అంత తిన్నానని నా భావం. ఆమె నాకు జబ్బు చేసిందనుకుని రాత్రంతా నిద్రపోలేదు. తెల్లారగానే ఫోన్ చేసి, ‘ఏందబ్బయ్యా, చేప మంచిది కాదా?’ అంటుంటే నా ప్రాణం ఉసూరుమంది. ఎదురుగా ఉంటే నా మొహం చూసి తనూ నవ్వేసేది.

రాతలో మొహం కనపడదు. కంప్యూటర్ సందేశాల్లో హాస్యమేదో నిజమేదో తెలియక చిక్కులొస్తుంటే, 1982 సెప్టెంబరు 19న అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ ఫాల్‌మన్ ఒక ఉపాయం చెప్పాడు: రెండు చుక్కలు, ఒక గీత, ఒక బ్రాకెట్ కలిపి నవ్వు మొహం పెట్టండని. రష్యన్లు కళ్ళూ ముక్కూ వదిలేసి, ఉత్త బ్రాకెట్లు వరసగా పెట్టి నవ్వుతారు.

నవ్వు చప్పుడును కూడా ఎవరి భాషలో వాళ్ళు పట్టుకున్నారు. థాయ్ భాషలో అయిదును ‘హా’ అంటారు, కాబట్టి 555 అంటే హాహాహా. స్పానిష్ వాళ్ళు ఇంగ్లీషు ‘జె’ అక్షరంతో నవ్వుతారు, అది వాళ్ళ నోట ‘హ’ లాగా పలుకుతుంది. ఫ్రెంచి వాళ్ళు ‘నవ్వి చచ్చా’ అనే మాటను మూడక్షరాలకు కుదించారు. మనమూ ‘నవ్వలేక చచ్చాం’ అంటాం కదా! నాకు బాగా నచ్చింది మాత్రం జపాన్ వాళ్ళది. నవ్వును వాళ్ళు ‘వరాయ్’ అంటారు. దాని మొదటి అక్షరంగా ఇంగ్లీషు ‘డబ్ల్యూ’ను నాలుగైదుసార్లు కొడితే, ఆ వరస చూడ్డానికి గడ్డి మొలిచినట్టుంటుంది. అందుకని గడ్డికి వాళ్ళ మాట ‘కుసా’ కూడా నవ్వయిపోయింది.

మరి మనం? తెలుగులో మాట్లాడుకుంటూ ఇంగ్లీషు అక్షరాల్లో నవ్వుతున్నాం. ఇది నాకు నిజంగా బాధ. నవ్వును నాట్యశాస్త్రం రాసిన భరతుడు పళ్ళు కనపడని స్మితం నుంచి అతిహసితం దాకా ఆరు రకాలు చేశాడు. ఆ తేడాలన్నీ చూపగల లిపి మనది. ‘హిహి’ అంటే సిగ్గు. ‘హీహీ’ అంటే ఇకిలింపు. ‘హహహ’ మామూలు నవ్వు. దానికే ఒత్తు పెట్టి ‘హ్హహ్హహ్హ’ అంటే పొట్ట పట్టుకుని నవ్వుతున్న మనిషి కనపడతాడు. ఆ ఒత్తూ ఆ దీర్ఘమూ ఇంగ్లీషు అక్షరాల్లో ఇంత తేటగా పలకవు.

బొమ్మలున్నాయి కదా అంటారు. కన్నీళ్ళొచ్చేలా నవ్వే బొమ్మను 2015లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్ళు ఆ ఏటి మాటగా ఎంచారు. మా అత్త మాత్రం దాన్ని చూసి, ‘ఎందుకేడుస్తున్నావు నాయనా?’ అని అడిగింది.

అప్పటినుంచీ ఆమెకు తెలుగక్షరాల్లోనే నవ్వుతున్నాను. మొన్న ‘హ్హహ్హహ్హ’ అని పెడితే, పక్కింటావిడకు పైకి చదివి వినిపించిందట. కాసేపటికి అత్త దగ్గర్నుంచి జవాబొచ్చింది: ‘ఇహిహిహి’. అచ్చం ఆమె నవ్వే!