పాటకు ముందు చెప్పే పేర్లు

సభకు విచ్చేసిన పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

ఈ వేదిక మీద మూడు పటాలున్నాయి. 2020 సెప్టెంబరు 25న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు, 2024 ఏప్రిల్ 5న శాంతిస్వరూప్ గారు, 2025 మార్చి 9న గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు మనల్ని విడిచి వెళ్లారు. ముగ్గురివీ మన ఇళ్లలో ఏళ్ల తరబడి వినిపించిన గొంతులే.

బాలుగారి గురించి మాట్లాడేవారు ఆయన అందుకున్న ఆరు జాతీయ పురస్కారాలతో మొదలుపెడతారు. నాకు మాత్రం టీవీలో కనిపించే బాలుగారే ముందు గుర్తొస్తారు. 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైంది. ఆ వేళకు మా అమ్మ పొయ్యి తగ్గించి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చునేది. పాడిన పిల్లవాణ్ణి బాలుగారు ముందు మనసారా మెచ్చుకునేవారు. ఆ తర్వాత ఒత్తు జారిన చోటు, ‘ళ’ పలకవలసిన చోట ‘ల’ పడిన చోటు మెల్లగా చెప్పి, ఆ పంక్తిని తానే పాడి వినిపించేవారు. ఆ రాత్రి అమ్మ అన్నం వడ్డిస్తూ అదే మాటను రెండుమూడుసార్లు పలికి చూసుకునేది. సంగీతం నేర్చుకోని మా అమ్మకు పాట వినడం అలా అబ్బింది.

అన్నిటికంటే నేను ఆయనకు రుణపడింది ఆ పేర్లకు. ఆ పాట రాసినవారెవరో, బాణీ కట్టినవారెవరో, దాని వెనుక జరిగిన కథేమిటో ఆయన విడమరిచి చెప్పేవారు. అప్పటిదాకా మా వీధిలో ఏ పాటైనా తెర మీద పెదవులు కదిపిన హీరోదే! ఆయనకు ఇది తెచ్చిపెట్టుకున్న మర్యాద కాదు. 1966లో తనతో తొలి సినిమా పాట పాడించిన ఎస్పీ కోదండపాణి గారి పేరునే మద్రాసులోని తన రికార్డింగ్ థియేటరుకు పెట్టుకున్న మనిషి ఆయన.

శాంతిస్వరూప్ గారు పాట పాడలేదు, వార్తలు చదివారు. అయినా ఆయన ఈ వరుసలో ఉండవలసినవారే. 1983 నవంబరు 14న దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివింది ఆయనే. ఎదురుగా అక్షరాలు చూపే పరికరం లేని ఆ రోజుల్లో వార్తలను కంఠస్థం చేసి, మన కళ్లలోకి చూస్తూ చెప్పేవారు.

ఇక గరిమెళ్ల వారు. ఆయన విషయంలో మనం పెద్ద బాకీ పడ్డాం. అన్నమాచార్యుల కీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద దొరికాయి. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. ఎలా పాడాలో చెప్పే స్వరం లేదు. రాజమహేంద్రవరంలో పుట్టిన ఈయన 1978లో తిరుపతి వచ్చి, దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టులో చేరి, 600కు పైగా కీర్తనలకు స్వరాలు కట్టారు. ఆ స్వరం ఎంత సహజంగా కుదిరిందంటే, అన్నమయ్యే అలా పాడి ఉంటాడని మనం నమ్మేశాం. పెళ్లి పందిట్లో, భజన మందిరంలో, పిల్లల పోటీల్లో పాడుతూనే ఉన్నాం. ఆరు వందల ఏళ్ల నాటి బాణీ అనుకుంటున్నది మన కళ్ల ముందు తిరిగిన మనిషి కట్టినదని ఎవరూ చెప్పడం లేదు. ఆయన ఉన్న రోజుల్లో నేనూ చెప్పలేదు. ఆ నొప్పి నాకుంది.

అందుకే నిర్వాహకులను ఒక్కటే కోరాను, పాటకు ముందు పేర్లు చెప్పే పని నాకివ్వమని. పిల్లలు సిద్ధంగా ఉన్నారు. శ్రుతి కూడా కలిసింది.

‘వినరో భాగ్యము విష్ణుకథ’. రచన తాళ్లపాక అన్నమాచార్యులు. స్వరకల్పన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్.