తెగిన నరానికి గొట్టం దారి

హోస్ట్: డాక్టర్ గారూ, గాజు ముక్క కోసుకుని వేలి నరం తెగిందనుకుందాం. రెండు కొసలూ దగ్గరికి లాగి కుట్టేస్తే సరిపోదా?

డాక్టర్: శుభ్రంగా తెగితే అదే చేస్తాం. నలిగితే మాత్రం చెడిన ముక్క తీసేయాలి, మధ్యలో ఖాళీ వస్తుంది. బిగలాగి కుడితే రక్తం సరిగా అందదు, అతుకు మచ్చకట్టిపోతుంది. అందుకని పిక్క వెనక నుంచి సూరల్ నరం తీసి అతుకుతాం.

హోస్ట్: చేతి కోసం కాలు కోస్తారా!

డాక్టర్: అందరూ అదే అంటారండీ. పాదం బయటి అంచున మొద్దుబారుతుంది కూడా. ఆ బాధ తప్పించడానికే ఈ ట్యూబులు, అంటే తెగిన రెండు కొసల మధ్య ఖాళీలో పెట్టే సన్నని గొట్టాలు.

హోస్ట్: ప్లాస్టిక్కా?

డాక్టర్: మొదట్లో సిలికోన్. 1980ల్లో స్వీడన్‌కి చెందిన గోరాన్ లుండ్‌బోర్గ్ బృందం ఎలుకల్లో చూసింది. 10 మి.మీ. ఖాళీని నరం దాటింది, 15 దాటలేకపోయింది. సిలికోన్ కరగదు, నరాన్ని నొక్కేస్తే మళ్ళీ తీయాలి. ఇప్పుడు కొలాజెన్ అనే ప్రోటీన్, లేదంటే పాలీగ్లైకాలిక్ యాసిడ్. కరిగే కుట్ల దారాలు దానితో కూడా చేస్తారు.

హోస్ట్: లోపల ఏం పెడతారు?

డాక్టర్: మామూలు ట్యూబులో సెలైన్, అంతే! మైక్రోస్కోప్ కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో, ఒక్కో కొసనీ ఓ రెండు మి.మీ. లోపలికి లాగి కుడతాం. ఆ కొసల నుంచి ఊరే ద్రవంలో ఫైబ్రిన్, అంటే రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్, పోగు కడుతుంది. దాని మీదుగా నరపు పోగులకి తొడుగులా ఉండే ష్వాన్ కణాలు, వాటి వెంట నరపు పోగులు. బీరపాదుకి పందిరి వేయడం వరకే మన పని, పాకాల్సింది తీగే. ఖాళీ ఎక్కువైతే ఆ ఫైబ్రిన్ పోగే నిలవదు.

హోస్ట్: 3 సెం.మీ. దాకా పరవాలేదంటారు కదా?

డాక్టర్: అంటారు. వేలి స్పర్శ నరంలో చిన్న ఖాళీ అయితే నేను ధైర్యంగా పెడతాను. మోచేతి దగ్గర, చిటికెన వేలి వైపు వెళ్ళే అల్నార్ లాంటి లావు నరానికి, పెద్ద ఖాళీకి పెట్టమంటే పెట్టను. అక్కడ సొంత నరమే నయం.

హోస్ట్: ఫలితం ఎప్పుడు తెలుస్తుంది?

డాక్టర్: రోజుకి సుమారు 1 మి.మీ. లెక్కేసుకోండి. మణికట్టు నుంచి వేలి కొసకి ఆరు నెలలైనా పడుతుంది. నరం దారి వెంట వేలితో తట్టి చూస్తాం, జివ్వుమంటే పోగులు అక్కడిదాకా వచ్చినట్టు. కండరం మాత్రం అంత ఓపిక పట్టదు. ఏడాది, ఏడాదిన్నర దాటాక నరం చేరినా పెద్దగా కదలదు. అందుకే దెబ్బ తగిలిన వారాల్లోనే రమ్మంటాం.

హోస్ట్: ఈలోగా జాగ్రత్తలేమైనా?

డాక్టర్: ఆ వేళ్ళతో పొయ్యి మీది గిన్నె దించకండి. కాలినా తెలీదు.