చూరు కింద పేరు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ముందు వరసలో ఉన్న మా మాస్టారికి, వెనక నిలబడ్డ పిల్లలకు కూడా. కార్డులో నా అంశం ‘పార్క్ మేర్‌వైక్ ఇళ్ల చరిత్ర’ అని వేశారు. చెప్తాను. కానీ నేను ఇంత దూరం వచ్చింది ఒక్క పేరు వినిపించడానికి. మార్గరెట్ క్రోఫోలర్.

నెదర్లాండ్స్‌లో బెర్గెన్ అనే ఊరు. మొదటి ప్రపంచ యుద్ధ కాలం, ఆ దేశం తటస్థంగా ఉంది. హేస్టే అనే టైల్స్ వ్యాపారి చెట్ల మధ్య స్థలం తీసుకుని, ఇళ్లు గీసే పనిని స్టాల్, క్రామర్, బ్లావ్, లా క్రోయ్, క్రోఫోలర్ అనే ఐదుగురు ఆర్కిటెక్టులకు అప్పగించాడు. అదే పార్క్ మేర్‌వైక్. 1918 నాటికి 17 ఇళ్లు లేచాయి. ఆమ్‌స్టర్‌డామ్ స్కూల్ అంటారు ఈ నిర్మాణ ధోరణిని. ఇటుకను, చెక్కను, రెల్లును మట్టిముద్దలా మలుచుకున్నారు. స్టాల్ కట్టిన రెండిళ్లకు ఓడల పేర్లే.

ఆ రెల్లు కప్పులు చూశాను. జానెడు మందం, చివర సమంగా కోసి ఉంటుంది. చూరు కిందికి దిగి కిటికీల మీద కొంగులా వాలుతుంది. మా అమ్మమ్మ పూరిల్లు గుర్తొచ్చింది. ఆ చూరు కింద తల వంచకుండా ఎవరూ లోపలికి వెళ్లలేదు, మా తాత కూడా. వానాకాలం ముందు తాటాకు నేయించేవాళ్లు, ఆ కొత్త ఆకు వాసన... సరే, వదిలేస్తాను.

క్రోఫోలర్ ఆ దేశంలో ఆర్కిటెక్టుగా పనిచేసిన తొలి మహిళ. తన అన్న, స్టాల్ కలిసి నడిపిన ఆఫీసులోనే పని నేర్చుకుంది. ముప్పై నిండకముందే మేర్‌వైక్‌లో మూడిళ్లు గీసింది. ఒకటి మేజెనెస్ట్, అంటే పిట్టగూడు. ఇంకొకటి బ్యోకెన్‌హూక్. అది కాలిపోయింది. రెల్లు కప్పు అంటుకుంటే ఏమవుతుందో మన పల్లెల వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ చోట బ్లావ్ మరో ఇల్లు కట్టాడు.

పిల్లలూ, మీ క్లాసులో క్రోఫోలర్ పేరు విన్నవాళ్లు చేతులెత్తండి. చూశారా మాస్టారూ!

నా మొదటి సైటు చెప్పాలి. ప్లాను నాది, మెట్ల కొలతలు నావి, రోజూ ఎండలో నిలబడింది నేను. మేస్త్రి మాత్రం రోజూ అడిగేవాడు, “సార్ ఎప్పుడొస్తారమ్మా?” అని. అతని తప్పు కాదు, అతనికి తెలిసిందంతే. కానీ గృహప్రవేశం రోజు గోడకు పెట్టిన శిలాఫలకం మీద కూడా సార్ పేరే ఉంది. ముప్పై ఏళ్లయింది. ఆ రాయి ముందు అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను, ఆవిడ చదువుకుంటూ నా పేరు కోసం వెతికింది.

ఆ మేర్‌వైక్ ఇళ్లు ఇవాళ అక్కడి జాతీయ స్మారక కట్టడాలు. గోడలకు రక్షణ దొరికింది, సంతోషం.

టైమైందని చీటీ వచ్చింది. ఒక్క మాట. హాలు బయట పెట్టిన చార్టు మీద ‘స్టాల్ తదితరులు’ అని రాసి ఉంది. నిర్వాహకులు ఏమీ అనుకోకండి, నా దగ్గర స్కెచ్ పెన్ ఉంది. టీ తాగేలోపు ఎవరైనా పిల్లలు నాతో రండి, అక్షరాలు గుండ్రంగా రాసేవాళ్లు.