విల్లు కొనాలా, క్రాస్‌బో కొనాలా? ముందు మీ భుజాన్ని అడగండి

నమస్కారం అండి. ఇవాళ డాలస్‌కి గంటన్నర దూరంలో మా ఫ్రెండ్ పొలంలో ఉన్నాం. వెనక కనిపిస్తున్నది మట్టిగట్టు, దాని ముందు ఫోమ్ టార్గెట్. ఈ బల్ల మీద ఎడమ పక్కన ఉన్నది రికర్వ్ విల్లు, అంటే చివర్లు ముందుకు వంగి ఉండేది, మూడు ముక్కలుగా విడిపోయే టేక్‌డౌన్ రకం. కుడి పక్కన ఉన్నది క్రాస్‌బో, అంటే తుపాకీలాంటి కట్టె మీద అడ్డంగా బిగించిన, ట్రిగ్గర్ ఉన్న విల్లు. వాటర్ ఫిల్టర్ల వీడియో పెట్టినప్పటి నుంచి అమెరికాలో ఉన్న మనవాళ్లు నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటే. "అన్నా, ఎమర్జెన్సీకి ఈ రెండింట్లో ఏది కొనమంటావు?"

దానికంటే ముందు ఒక మాట. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుపాను వచ్చినప్పుడు లక్షల ఇళ్లకి కరెంటు పోయింది. పైపులు పగిలాయి, కుళాయిలు ఆగిపోయాయి. ఆ వారం మా వీధిలో నీళ్ల కోసం తిరిగినవాళ్లు ఉన్నారు, దుప్పట్ల కోసం తిరిగినవాళ్లు ఉన్నారు. విల్లు కోసం తిరిగినవాడు ఒక్కడూ లేడు. మనిషికి రోజుకి ఒక గాలన్ చొప్పున కనీసం మూడు రోజుల నీళ్లు, పొయ్యి వెలిగించకుండా తినగలిగే తిండి, మందులు, టార్చ్‌లైటు ఇంట్లో లేకపోతే ఈ వీడియో ఇక్కడే ఆపేసి ఆ పని చూసుకోండి. నేనేమీ అనుకోను.

మరి మనవాళ్లు ఇవే ఎందుకు అడుగుతున్నారు? కారణం ఉంది. హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్లకి ఒక మినహాయింపు ఉంది కానీ, ఆ మెలికలన్నీ లాయర్‌ని అడిగి తేల్చుకోవాల్సినవి. విల్లు, క్రాస్‌బో ఆ చట్టం చెప్పే తుపాకీల లెక్కలోకి రావు. అందుకే చాలామంది చూపు ఇటు పడుతుంది. అయితే ఇంటికి కాపలాగా పనికొస్తుందనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. 1922లో అల్లూరి వెంట నడిచిన మన్యం వాళ్లకి విల్లంబులు చిన్నప్పటి నుంచీ చేతిలో ఉన్నవే. అలాంటివాళ్లు కూడా ముందుగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులు తెచ్చుకున్నారు. మనం మాట్లాడుకునేది వేట గురించి, సాధన గురించి. ఇండియా నుంచి చూస్తున్నవాళ్లకి అక్కడ 1972 వన్యప్రాణి చట్టం ఉంది. అక్కడ ఇది ఆట మాత్రమే.

సరే, విల్లు పట్టుకుందాం. విల్లు అంటే ఒకటే రకం కాదు. మన బొమ్మదేవర ధీరజ్ పట్టేది ఇలాంటి రికర్వ్. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చిన వెన్నం జ్యోతి సురేఖ చేతిలో చూసేది కాంపౌండ్. దానికి రెండు చివర్లా చక్రాలు ఉంటాయి. పూర్తిగా లాగాక బరువు డెబ్బై ఎనభై శాతం దాకా తగ్గిపోతుంది కాబట్టి గురి చూసుకోవడానికి తీరిక దొరుకుతుంది. కానీ దాని నారి తెగితే మార్చడానికి బో ప్రెస్ అనే పరికరం కావాలి. షాపులు మూసేసిన రోజుల కోసం కొంటూ షాపు లేకపోతే బాగుపడని వస్తువు కొనడం నాకు నచ్చదు. అందుకే ఇవాళ కాంపౌండ్‌ని పక్కన పెట్టేశాను.

ఈ విల్లు మీద ఏం రాసి ఉందో చూడండి. 45 పౌండ్లు, 28 అంగుళాలు. అంటే నారిని 28 అంగుళాల కొలత దాకా లాగినప్పుడు మీ వేళ్ల మీద 45 పౌండ్ల బరువు పడుతుంది. మీ చేతులు పొట్టివైతే తక్కువ, పొడుగైతే ఎక్కువ. ఇప్పుడు లాగుతున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు... ఐదు. చూశారా, చెయ్యి వణికింది. నాలుగేళ్ల నుంచి వేస్తున్నాను. మధ్యలో రెండు నెలలు పని ఒత్తిడిలో పడి ముట్టుకోలేదు, అంతే. విల్లుతో అసలు చిక్కు ఇదే. అటక మీద పెట్టి పదేళ్ల తర్వాత తీస్తే విల్లు బాగానే ఉంటుంది, మీ భుజం ఉండదు.

ఇంగ్లాండ్‌లో 1545లో మేరీ రోజ్ అనే యుద్ధనౌక మునిగిపోయింది. 1982లో దాన్ని పైకి తీశారు. అందులో దొరికిన విల్లులు చాలావరకు వంద పౌండ్లు దాటినవే. ఆ ఓడలో దొరికిన కొన్ని అస్థిపంజరాల భుజాల్లో మార్పులు చూసి, ఇవి విలుకాళ్లవే అయి ఉండొచ్చని అంటారు. చిన్నప్పటి నుంచీ లాగితే ఎముక కూడా మారుతుందన్నమాట. మనం ఆదివారం మాత్రమే ముట్టుకుంటాం. కాబట్టి 45తో మొదలుపెట్టకండి. నేను 50 పౌండ్లది కొని మొదటి నెలలోనే భుజం పట్టేసి, టీ కప్పు ఎడమ చేత్తో ఎత్తుకున్నాను. 25, 30 పౌండ్ల లింబ్‌లతో, అంటే పట్టుకి పైనా కిందా ఉండే వంగే భాగాలతో, మొదలుపెట్టండి. టేక్‌డౌన్‌లో ఉన్న సుఖం అదే, పట్టు అదే ఉంచి లింబ్‌లు మాత్రం మార్చుకోవచ్చు.

ఇక క్రాస్‌బో. ముందున్న రికాబులో పాదం పెట్టాలి, ఇలా. ఈ కాకింగ్ తాడుని నారికి తగిలించి రెండు చేతులా సమంగా లాగాలి. టక్ మంది కదా, నారి గొళ్లెంలో పడింది. ఇది 150 పౌండ్లది, తాడు వల్ల చేతికి సగమే తెలుస్తుంది. ఇక పట్టుకుని నిలబడక్కర్లేదు, బరువంతా గొళ్లెం మోస్తుంది. బోల్ట్, అంటే దీని పొట్టి బాణం, పెట్టి, సేఫ్టీ తీసి, తుపాకీలాగే గురి చూసి ట్రిగ్గర్ నొక్కడమే. ఎప్పుడూ ముట్టుకోని మా ఆవిడ మొదటిరోజు మధ్యాహ్నానికే ఇరవై గజాల్లో టీ సాసరంత చోట నాలుగు బోల్టులు దించింది. రికర్వ్‌తో ఆ పని నా చేత కావడానికి ఏడాది పట్టింది. ఈ సంగతి ఇంట్లో ఇప్పటికీ గుర్తు చేస్తూనే ఉంటుంది.

అయితే 150 అన్న అంకె చూసి మోసపోకండి. షాపులో చాలామంది పడే పొరపాటు ఇదే. బాణంలోకి వెళ్లే శక్తి బరువుని బట్టే కాదు, నారి ఎంత దూరం తోసిందన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. ఈ విల్లులో నారి దాదాపు 20 అంగుళాలు ప్రయాణిస్తుంది. ఈ క్రాస్‌బోలో పదిన్నర. మోటు లెక్క ఒకటి వేద్దాం. 45 ఇంటూ 20, అందులో సగం 450. 150 ఇంటూ పదిన్నర, అందులో సగం సుమారు 790. బరువు మూడు రెట్ల పైన ఉంది, శక్తి మాత్రం రెండు రెట్లు కూడా కాలేదు. కాబట్టి క్రాస్‌బో కొనేటప్పుడు పౌండ్లతో పాటు పవర్ స్ట్రోక్, అంటే నారి తోసే ఆ దూరం, ఎన్ని అంగుళాలో అడగండి.

వేగం సంగతి మాటల్లో కంటే గడియారంలో చూద్దాం. ఒక్క నిమిషం. విల్లుతో... ఎనిమిది బాణాలు, గురి కొంచెం అటూ ఇటూ. క్రాస్‌బోతో... రెండు, మూడోది ఎక్కుపెడుతుండగా టైమ్ అయిపోయింది. వేటలో మొదటి బాణమే ముఖ్యం కాబట్టి ఇది పెద్ద లోపం కాదు. దానికంటే మోయడం ఇబ్బంది. ఏడెనిమిది పౌండ్లున్న దాన్ని భుజాన వేసుకుని చెట్ల మధ్య అరమైలు నడిస్తే దాని అసలు ధర తెలుస్తుంది.

కెమెరా కొంచెం దగ్గరికి తీసుకురా. నారి దూసుకెళ్లే గాడి ఇది. ఈ బొటనవేలు గాడి కంటే పైకి వచ్చిందా, ట్రిగ్గర్ నొక్కిన క్షణంలో వేలు పోతుంది. భయపెట్టడానికి అనడం లేదు, ఇలా వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు నిజంగా ఉన్నారు. బోల్ట్ వెనక నారి ఆనే ముక్క, నాక్ కూడా మీ మోడల్‌కి కంపెనీ చెప్పిన రకమే వాడాలి. వేరేది వాడితే నారి దాని మీది నుంచి జారిపోవచ్చు, అది ఖాళీగా పేల్చినట్టే. బాణం లేకుండా వదిలితే ఆ శక్తంతా తిరిగి లింబ్‌ల మీదే పడుతుంది, అవి పగులుతాయి. మామూలు విల్లుకీ ఇదే సూత్రం, పిల్లలు సరదాగా నారి లాగి వదిలేస్తుంటారు, చూసుకోండి. ఇంకో అలవాటు చెప్తాను. కార్బన్ బాణాన్ని ప్రతిసారీ ఇలా చెవి దగ్గర పెట్టుకుని కొద్దిగా వంచండి. చిటచిటమంటే పారేయండి. పగులున్న బాణం వదిలినప్పుడు ముక్కలై చేతిలో దిగుతుంది.

రిపేరు మాటకొస్తే నేను విల్లు పక్షం. రికర్వ్‌కి అదనంగా రెండు నారులు, నారి ఎక్కించడానికి ఒక స్ట్రింగర్, నారికి పూయడానికి కొంచెం మైనం ఉంటే నా పని నడుస్తుంది. పని అయ్యాక నారి దించేస్తాను. క్రాస్‌బోలో ట్రిగ్గర్ పెట్టె పాడైతే నేను చేయగలిగింది ఏమీ లేదు. దానికి వేసే బోల్టులు ఇంట్లో చెక్కుకునేవీ కావు.

ఒక మాట చట్టం గురించి. ఒరెగాన్‌లో క్రాస్‌బోతో వేటకి అనుమతి లేదు. మిగతా రాష్ట్రాల్లో సీజన్లూ షరతులూ వేరు. టెక్సాస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటాడాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. ఇంటి పెరట్లో బాణాలు వేయొచ్చా అన్నది మీ ఊరి నిబంధనలు చూసుకోవాలి. చాలా ఊళ్లలో కుదరదు. ఇంకోటి, కరెంటు లేని రోజున జింక పడినా ఆ మాంసం పాడవకుండా ఎక్కడ దాస్తారు? ఆ ప్రశ్నకి సమాధానం లేకుండా వేట ప్లాన్ వేసుకోకండి.

ఇప్పుడు సూటిగా చెప్తాను. వారానికి మూడు రోజులు, రోజుకి పావుగంట వేస్తానని మీ మీద మీకు నమ్మకం ఉంటే రికర్వ్ కొనండి. దగ్గర్లో ఆర్చరీ రేంజ్ ఉంటే అక్కడ అద్దె విల్లుతో నెల రోజులు వేసి చూడండి, ఆ తర్వాతే డబ్బు తీయండి. భుజం సమస్య ఉన్నా, సాధనకి టైమ్ లేకపోయినా క్రాస్‌బో. కానీ ఇంట్లో చిన్నపిల్లలుంటే దానికి తాళం వేసే పెట్టె కూడా అదే రోజు కొనాలి. ఎక్కుపెట్టి ఉన్న క్రాస్‌బో ముందు ఐదేళ్ల పిల్లాడికి బలం అక్కర్లేదు, వేలు చాలు.

అన్నట్టు, మాటల్లో పడి దీన్ని ఎక్కుపెట్టి ఉంచేశాను. ఇలా ఇంటికి తీసుకెళ్లకూడదు. కారులో అసలు పెట్టకూడదు. ఖాళీగా నొక్కకూడదని ఇందాకే అన్నాను. అందుకే ఈ పాత బోల్ట్ ఒకటి దీనికోసమే ఉంచుకుంటాను. టార్గెట్ వెనక గట్టు ఉంది, అటు ఎవరూ లేరు. బొటనవేలు కింద ఉంది. సేఫ్టీ తీశాను.

దిగింది. ఇక సర్దేద్దాం.