పుట్టెన్‌లో ఒక శనివారం: గుడ్ల పెట్టె, రైలు పట్టాలు, ఇంటిపేర్ల గోడ

నమస్కారమండీ. ఇప్పుడు మీకు కనిపిస్తున్న పచ్చిక బయళ్లు, వాటి మధ్య తిన్నగా గీత గీసినట్టు సాగిన నీటి కాలువలు, కాలువ గట్టున తలవంచుకుని మేస్తున్న ఆవులు, ఇవన్నీ నెదర్లాండ్స్‌లో ఆమెర్స్‌ఫోర్ట్ నుంచి జ్వొల్లె వైపు వెళ్లే ప్యాసింజరు రైలు కిటికీలోంచి తీసినవి. మేము ఆమెర్స్‌ఫోర్ట్‌లోనే ఉంటున్నాము కాబట్టి ఈ దారి మాకు కొత్తేమీ కాదు. నైకెర్క్ దాటిన తరువాత వచ్చే పుట్టెన్ స్టేషనులో మాత్రం ఇంతవరకు ఎప్పుడూ దిగలేదు. ఇంటి నుంచి పట్టుమని అరగంట ప్రయాణం కూడా లేని ఊరికి ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడిగితే, చూడటానికి అక్కడేముందిలే అనుకున్నామని ఒప్పుకోవలసిందే.

పుట్టెన్ పేరుకు మునిసిపాలిటీయే గాని, ఆ మాట విని మన భీమవరాన్నో మిర్యాలగూడనో ఊహించుకోకండి. ఒక నడి ఊరు, దాని చుట్టూ చిన్న పల్లెలు, తూర్పున ఫేలువె అడవి, పడమట నీటి వైపు దిగిపోయే పల్లపు పచ్చిక, అంతే. నేల ఇసుక నేల. పూర్వం నుంచి ఇక్కడివి చిన్న కమతాలు. నాలుగు ఆవులు, కొన్ని పందులు, పెరటి నిండా కోళ్లు. ఇప్పటికీ స్టేషను దాటి నాలుగడుగులు వేయగానే గాలిలో దూడల కొట్టాల వాసన తగులుతుంది. మావారు ముక్కు మూసుకున్నారు గాని నాకు మాత్రం మా ఊరు గుర్తుకు వచ్చింది. మాది తణుకు పక్కన. కోళ్లఫారాల గాలి పీల్చి పెరిగినదాన్ని.

దారిలో ఒక రైతు ఇంటి ముందు చిన్న చెక్క అలమర ఉంది, దగ్గరగా చూపిస్తున్నాను. లోపల పది పది గుడ్లు పట్టే అట్టపెట్టెలు. ఈ దేశంలో గుడ్లను డజన్లలో కాకుండా పదుల్లో అమ్ముతారు. పక్కనే మూతకు గాటు పెట్టిన రేకు డబ్బా. మనిషి కాపలా ఉండడు. డబ్బులు డబ్బాలో వేసి పెట్టె తీసుకుని వెళ్లిపోవాలి. ఒక గుడ్డుకు చిన్న ఈక ఇంకా అంటుకునే ఉంది. నేనూ ఒక పెట్టె తీసుకున్నాను. ఈ గుడ్ల గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఈ ఊరి నడిబొడ్డున గుడ్ల వ్యాపారం జరిగే ఒక పెద్ద శాల ఉండేది, దాన్ని డచ్ భాషలో ఐయర్‌హాల్ అంటారు. 1944 అక్టోబరులో ఆ శాలలోకి గుడ్లకు బదులు మనుషులను తోలారు.

జర్మనీ 1940 మే నెలలో నెదర్లాండ్స్‌ను ఆక్రమించింది. 1944 సెప్టెంబరులో మిత్రసేనలు ఇక్కడికి దక్షిణాన ఉన్న ఆర్నెమ్ దగ్గర రైన్ నది దాటబోయి విఫలమయ్యాయి. దాంతో దేశంలో దక్షిణ భాగానికి విముక్తి దగ్గరపడినా, ఈ ప్రాంతం ఆక్రమణదారుల చేతిలోనే చిక్కుకుని ఉండిపోయింది. యుద్ధరంగం దగ్గరికి వచ్చిందని బెదిరిన సైన్యం, రేపో మాపో విడుదల అని ఆశపడుతున్న జనం, ఆర్నెమ్ వైపు నుంచి ఇళ్లు వదిలి వచ్చి తలదాచుకుంటున్న కుటుంబాలు, అప్పటి పుట్టెన్ పరిస్థితి అది.

సెప్టెంబరు 30 రాత్రి, తెల్లవారితే అక్టోబరు 1 ఆదివారం అనగా, జర్మన్లకు రహస్యంగా ఎదురు తిరిగిన డచ్ ప్రతిఘటన దళం వారు నైకెర్క్‌కు పుట్టెన్‌కు మధ్యనున్న ఓల్డెనాలెర్ వంతెన దగ్గర మాటు వేసి ఒక జర్మన్ సైనిక వాహనంపై కాల్పులు జరిపారు. అందులోని ఒక అధికారి గాయాలతో మరణించాడు, దళంలోనూ ఒకరు ప్రాణం కోల్పోయారు. తమ చేతికి చిక్కిన మరొక క్షతగాత్రుడైన అధికారిని, ఊరి మీద పగ తీర్చుకోకుండా ఉంటారేమోనన్న ఆశతో, జర్మన్లకు దొరికేలా వదిలిపెట్టారు కూడా. ఆ ఆశ ఫలించలేదు. నెదర్లాండ్స్‌లోని జర్మన్ సైన్యానికి అధిపతిగా ఉన్న జనరల్ ఫ్రీడ్రిఖ్ క్రిస్టియాన్సెన్ ఊరి మొత్తానికి శిక్ష విధించాడు.

ఆదివారం ఉదయం ఊరిని చుట్టుముట్టారు. ఇది ఆదివారం పూట పొలంలో అడుగు పెట్టని ప్రొటెస్టెంట్ ఊరు. అందరూ చర్చి బట్టల్లో ఉన్న సమయం. స్త్రీలను, పిల్లలను నడి ఊళ్లోని పాత చర్చిలోనూ, మగవారిని పక్కనున్న బడిలోనూ గుడ్ల శాలలోనూ నిర్బంధించారు. ఆ రోజు ఏడుగురు తూటాలకు బలయ్యారు, వారిలో ఒక స్త్రీ ఉన్నారు. మరునాడు, అంటే అక్టోబరు 2 సోమవారం, ఊరిని తగలబెడతామని, మగవారిని తీసుకుపోతామని ప్రకటించారు. అప్పుడు చర్చిలో ఉన్నవారు 84వ కీర్తన పాడారు. మన తెలుగు బైబిలులోనూ ఆ కీర్తన ఉంది. ఏడుపు లోయ గుండా నడిచిపోతూనే బలం మీద బలం పొందే యాత్రికుల మాట అందులో వస్తుంది. ఇన్నేళ్లకూ ఏటా అక్టోబరు 2న జరిగే స్మారక సభలో ఆ కీర్తనే పాడతారు.

పద్దెనిమిది నుంచి యాభై ఏళ్ల మధ్య వయసున్న దాదాపు 660 మంది మగవారిని వరుసలు కట్టించి స్టేషనుకు నడిపించారు. వారందరూ ఈ ఊరివారు కారు. చుట్టపుచూపుగా వచ్చినవారు, కాందిశీకులు, ఆ రోజు ఈ దారిన పోతూ చిక్కుకున్నవారు కూడా ఉన్నారు. నూరుకు పైగా ఇళ్లు తగలబెట్టారు. రైలు వారిని ఆమెర్స్‌ఫోర్ట్‌లోని నిర్బంధ శిబిరానికి తీసుకువెళ్లింది. ఇందాక మేము దిగింది, వారిని రైలెక్కించిన ఆ స్టేషనులోనే. ఈ పట్టాల మీదే, మేము వచ్చిన దిక్కుకే ఆ రైలు సాగింది. నేను కూరగాయలకు వెళ్లినంత తేలికగా చేసిన ప్రయాణాన్ని ఎదురు దిశలో వారు ఎలా చేశారోనన్న ఆలోచన వచ్చాక, ఇక్కడ మావారు కెమెరా దించేశారు. అందుకే మధ్యలో ఈ నల్లటి ముక్క కనిపిస్తోంది, ఏమీ అనుకోకండి.

ఆమెర్స్‌ఫోర్ట్‌లో కొందరిని విడిచిపెట్టి, మిగిలిన సుమారు 600 మందిని అక్టోబరు 11న హాంబుర్గ్ దగ్గరి నోయెన్‌గామె నిర్బంధ శిబిరానికి పంపారు. దారిలో పదమూడు మంది కదులుతున్న రైలులోంచి దూకేశారు. మిగతావారిని అక్కడి నుంచి ఉపశిబిరాలకు పంచారు. వాటిలో డెన్మార్క్ సరిహద్దు దగ్గరి లాడెలుండ్ ఒకటి. శత్రువు యుద్ధ ట్యాంకులను ఆపడానికని చిత్తడి నేలలో, చలికాలపు నీటిలో నిలబడి కందకాలు తవ్వడం అక్కడి పని. 1944 నవంబరు 1 నుంచి డిసెంబరు 16 వరకు, నెలన్నర మాత్రమే నడిచిన ఆ శిబిరంలో సుమారు 2,000 మంది ఖైదీలు ఉంటే 300 మంది చనిపోయారు. అందులో నూటికి పైగా పుట్టెన్ నుంచి వచ్చినవారే. పుట్టుక నుంచి మట్టి తవ్వడం తెలిసిన రైతులు మట్టి తవ్వుతూ చనిపోయారు. ఒంట్లో సత్తువ లేక కాదు. తిండి పెట్టకుండా, తడిబట్టలు మార్చుకోనివ్వకుండా, కొట్టి చంపారు. యుద్ధం ముగిశాక తిరిగి వచ్చినవారు 48 మంది. వారిలోనూ కొందరు ఇల్లు చేరిన కొద్దికాలానికే కన్నుమూశారు.

తీసుకుపోయినవారి జ్ఞాపకార్థం ఊళ్లో ఉన్న స్మారక గదిలోకి వెళ్లినప్పుడు అక్కడి స్వచ్ఛంద సేవకులలో ఒక పెద్దాయన మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న, “ఏ ఇంటిపేరు చూడటానికి వచ్చారు?” అని. ఏ దేశం వారు, టిక్కెట్టు ఉందా, ఇలాంటివేవీ కాదు. మా మొహాలు చూసి కూడా, ఇక్కడికి వచ్చేవారికి గోడ మీది పేర్లలో తమవారు ఎవరో ఒకరు ఉండి తీరతారన్న అలవాటు కొద్దీ అడిగి, తరువాత తనే నవ్వేశారు. లోపల ఫోటోలు ఉన్నాయి, వీడియో తీయలేదు. పెళ్లినాటి ఫోటోలోంచి కత్తిరించిన మొహాలు కొన్ని, పక్కన ఇంకొకరి భుజం సగం మిగిలిపోయి. కొన్ని ఇంటిపేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. మన పల్లెల్లో ఒకే ఇంటిపేరు వాళ్లంతా ఒక వీధిలో ఉన్నట్టే ఇక్కడా. తండ్రీ కొడుకులు, అన్నదమ్ములు, వియ్యంకులు ఒకే రైలు ఎక్కారు. అంకెలు నేను మొదటే చదువుకుని వచ్చాను గాని, ఆయన వేసిన ప్రశ్నకు ముందు అవి నాకు అంకెలుగానే ఉన్నాయి.

ఆ పేర్లు నిలవడం వెనుక ఒక విచిత్రమైన సంగతి ఉంది. లాడెలుండ్ చర్చి పాస్టరు యోహానెస్ మేయర్ నాజీ పార్టీలో సభ్యుడు. అయినా శిబిరంలో చనిపోయినవారిని చర్చి శ్మశానంలో పాతిపెట్టించి, ఎవరు ఎక్కడ ఉన్నారో పేరు పేరునా రాసి పెట్టారు. యుద్ధం తరువాత ఆ కుటుంబాలకు తనే ఉత్తరాలు రాశారు. 1950 నుంచి పుట్టెన్ వాళ్లు ఆ సమాధులను చూడటానికి జర్మనీ వెళ్లడం మొదలైంది. ఆయనను మంచివాడనాలా, తప్పు దిద్దుకున్నవాడనాలా అన్నది నేను తేల్చలేను. తన భర్త ఏ వరుసలో ఉన్నాడో తెలిసిన భార్యకు, తెలియని భార్యకు మధ్య తేడా మాత్రం చిన్నది కాదు. ఇక ఆజ్ఞ ఇచ్చిన క్రిస్టియాన్సెన్ సంగతి చూడండి: 1948లో డచ్ న్యాయస్థానం పన్నెండేళ్ల జైలు వేసింది, 1951 డిసెంబరుకల్లా విడుదలయ్యాడు. అతను పుట్టిన చోటు ఫోర్ ద్వీపం. లాడెలుండ్ ఉన్న ఉత్తర ఫ్రీస్లాండ్ జిల్లాలోనే ఉంది. పుట్టెన్ రైతులను పాతిన మట్టికి అతను పుట్టిన చోటు అంత దగ్గర. దీనికి నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

ఇదిగో, ఇక్కడ పార్కు చివర కనిపిస్తున్నది ఆ ఊరి వితంతువు విగ్రహం. ఆమ్‌స్టర్‌డామ్‌లోని ఓడరేవు కూలీ విగ్రహం చెక్కిన మారీ ఆండ్రిస్సెన్‌దే ఇది కూడా. 1949 అక్టోబరు 1న రాణి యులియానా ఆవిష్కరించారు. ఈ ప్రాంతపు పాతకాలం దుస్తుల్లో, చేతిలో రుమాలుతో నిలబడి, నడి ఊళ్లోని ఆ పాత చర్చి వైపు చూస్తూ ఉంటుంది. ఏడవడం లేదు, రుమాలు మాత్రం వేళ్ల మధ్య నలిగి ఉంది. ఆమె ముందు పరుచుకున్న తోటలో సుమారు 600 చిన్న చిన్న మడులు, చుట్టూ కత్తిరించిన పొట్టి పొదలతో, వెళ్లినవారికి గుర్తుగా వేసిన సమాధులవి. దూరం నుంచి చూస్తే కూరగాయల మడులే అనుకుంటారు. నేనూ మొదట అలాగే అనుకుని, ఈ ఊళ్లో పార్కులోనూ వ్యవసాయమేనా అని జోకు వేయబోయాను. మావారు బోర్డు చదివి చూపించారు.

విగ్రహం చేత రుమాలే పట్టించారు గాని, ఆ ఆడవారి చేతుల్లో నిజానికి పాలబిందె ఉండేది. సోమవారం మగవాళ్లను తీసుకుపోయినంత మాత్రాన మంగళవారం ఆవు పాలివ్వడం మానదు. పొదుగు పొంగిపోతుంటే ఎవరో ఒకరు పితకాలి. కెనడా సైన్యం 1945 ఏప్రిల్‌లో వచ్చేదాకానూ, ఆ తరువాత ఎవరెవరు వస్తారో ఎదురుచూసిన నెలల్లోనూ, ఈ కమతాలు నడిచింది ఆడవారి మీద, ముసలివారి మీద, పద్దెనిమిది నిండని పిల్లల మీద. వంతెన దగ్గర కాల్పులు జరిపినవారిది తప్పా కాదా అన్న మాట ఈ ఊళ్లో చాలాకాలం పుండులా మిగిలింది. నన్నడిగితే, ఊరిని కాల్చింది వంతెన దగ్గర మాటు వేసినవాళ్లు కాదు. అయితే ఆ మాట అరగంట దూరం నుంచి రైలెక్కి వచ్చిన నేను అనడం వేరు, ఆ మంగళవారం పాలు పితికిన ఆమె అనడం వేరు.

తిరుగు రైలు ఇంకో పది నిమిషాల్లో ఉంది. ప్లాట్‌ఫారం మీద సైకిళ్లతో స్కూలు పిల్లలు, చెవుల్లో పాటలు. గుడ్ల పెట్టె నా ఒళ్లో ఉంది. కుదుపుకు పగలకుండా మావారి మఫ్లరు చుట్టాను. ఏ వైపు ఎక్కాలో చూడటానికి బోర్డు దగ్గరకు వెళ్లాను. ఆమెర్స్‌ఫోర్ట్, అని ఉంది.